వయోజనుల హార్మోన్ మొటిమలు

వయోజనుల హార్మోన్ మొటిమలు అనగా 25 సంవత్సరాల వయసు దాటిన తరువాత ముఖం మీద, ముఖ్యంగా గడ్డం, దవడ అంచు, మెడ పైభాగాలలో వచ్చే మొటిమలు. ఇవి పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తాయి. మొటిమలు యుక్తవయసుకే పరిమితమనీ, ఇరవై ఏళ్ళు దాటితే వాటంతట అవే పోతాయనీ చాలామంది భావిస్తారు. కాని కొందరిలో ఇవి ముప్పై, నలభై ఏళ్ళ వయసు వరకు కొనసాగుతాయి. మరికొందరిలో యుక్తవయసులో ఏమీ లేకుండా ఆ తరువాతనే మొదలవుతాయి. మొదటి రకాన్ని కొనసాగే మొటిమలనీ, రెండవ రకాన్ని ఆలస్యంగా మొదలయ్యే మొటిమలనీ వర్గీకరించారు. వయోజనులలో కనిపించేవాటిలో ఎక్కువ భాగం మొదటి రకానికి చెందినవే.

ఇది అంటువ్యాధి కాదు. అపరిశుభ్రత వలన వచ్చేదీ కాదు. దీనివలన ప్రాణాపాయం లేదు. అయితే సకాలంలో అదుపు చేయకపోతే ముఖం మీద నల్లని మచ్చలు, శాశ్వతమైన గుంటలు మిగిలిపోతాయి. సరైన ఆహారం, సరైన చర్మ సంరక్షణ ఈ మొటిమల అదుపుకు తోడ్పడతాయి. వీటి ఫలితం కనిపించడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. ఆ వ్యవధి తెలియక వారానికొక క్రీము మార్చడం వలన, వైద్యుని సలహా లేకుండా స్టీరాయిడ్ క్రీములు పూయడం వలన చాలామందికి మొటిమల కంటే చికిత్స వలననే ఎక్కువ హాని జరుగుతున్నది.

చరిత్ర

మొటిమలు ప్రాచీన భారతీయ వైద్యులకు తెలిసినవే. సుశ్రుత సంహితలో క్షుద్రరోగాల కింద ముఖదూషిక అనే వ్యాధి వర్ణన ఉన్నది. యువతీ యువకుల ముఖం మీద బూరుగు చెట్టు ముళ్ళవంటి పొక్కులు వస్తాయని అందులో పేర్కొన్నారు. ఆయుర్వేదంలో దీనినే యువానపిడక అని కూడా అంటారు. పేరులోనే యౌవనం ఉండటం వలన ఇది పడుచువారి సమస్య అనే భావం స్థిరపడింది. ఆధునిక వైద్యంలో కూడా చాలాకాలం యుక్తవయసు మొటిమలపైనే ఎక్కువ పరిశోధనలు జరిగాయి. వయోజన స్త్రీల మొటిమలను ప్రత్యేక లక్షణాలు గల వర్గంగా గుర్తించడం ఇటీవలి దశాబ్దాలలోనే పెరిగింది.

అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం వారు 2008లో ప్రచురించిన ఒక సర్వేలో 1013 మంది పాల్గొన్నారు. ఇందులో 20-29 సంవత్సరాల స్త్రీలలో 50.9 శాతం, 30-39 సంవత్సరాల వారిలో 35.2 శాతం, 40-49 సంవత్సరాల వారిలో 26.3 శాతం, 50 దాటినవారిలో 15.3 శాతం తమకు మొటిమలు ఉన్నాయని తెలిపారు. అన్ని వయసులలోను పురుషుల శాతం ఇంతకంటే తక్కువగా ఉన్నది.

లక్షణాలు

యుక్తవయసు మొటిమలు సాధారణంగా నుదురు, ముక్కు, బుగ్గల మీద, నల్లని ముక్కులు (బ్లాక్‌హెడ్స్), తెల్లని పొక్కులతో (వైట్‌హెడ్స్) కలిసి వస్తాయి. వయోజన మొటిమలు వీటికి కొంత భిన్నంగా ఉంటాయి.

* ముఖం కింది భాగంలో, అనగా గడ్డం, దవడ అంచు, నోటి చుట్టూ, మెడ మీద ఎక్కువగా వస్తాయి. ముఖమంతా వచ్చేవారు కూడా ఉన్నారు.
* చర్మం లోతున గట్టిగా, ఎర్రగా, తాకితే నొప్పిగా ఉంటాయి. చాలావాటికి చీము మొన కనిపించదు.
* నెలసరికి ముందు వారం, పది రోజులలో ఎక్కువై, తరువాత తగ్గుముఖం పడతాయి.
* మానిన చోట నల్లని లేదా గోధుమరంగు మచ్చ మిగులుతుంది. చామనఛాయ, నల్లని చర్మం గలవారిలో ఈ మచ్చలు నెలల తరబడి ఉంటాయి. చాలామంది వైద్యుని వద్దకు వచ్చేది మొటిమ కోసం కాక ఈ మచ్చ కోసమే.
* చర్మం ఒకవైపు జిడ్డుగా ఉంటూనే మరొకవైపు పొడిబారి, సున్నితంగా ఉండవచ్చు. అందువలన యుక్తవయసు వారికి సరిపడే ఘాటైన మందులు వీరికి మంట కలిగిస్తాయి.

మొటిమ ఏర్పడే విధానం

చర్మంలోని ప్రతి రోమకూపానికి అనుబంధంగా ఒక తైల గ్రంథి ఉంటుంది. అది సెబం అనే జిడ్డు పదార్థాన్ని స్రవిస్తుంది. ఈ జిడ్డు రోమకూపం గుండా పైకి వచ్చి చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. మొటిమ ఏర్పడటంలో నాలుగు అంశాలు పాలుపంచుకుంటాయి. జిడ్డు అధికంగా స్రవించడం మొదటిది. రోమకూపం లోపలి మృతకణాలు రాలిపోకుండా ఒకదానికొకటి అంటుకొని ద్వారాన్ని మూసివేయడం రెండవది. చర్మం మీద సహజంగానే నివసించే క్యూటీబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా మూసుకున్న కూపంలో వృద్ధి చెందడం మూడవది. శరీర రక్షణ వ్యవస్థ ప్రతిస్పందన వలన వాపు, ఎరుపు, నొప్పి కలగడం నాలుగవది. ఈ బాక్టీరియాను 2016 వరకు ప్రొపియోనీబాక్టీరియం ఆక్నెస్ అని పిలిచేవారు. మూసుకున్న రోమకూపం చర్మం లోపల ఉంటుంది కనుక ముఖాన్ని పదేపదే కడిగినంత మాత్రాన అది తెరుచుకోదు.

తైల గ్రంథులను ప్రేరేపించేవి ఆండ్రోజెన్లు అనే హార్మోన్లు. వీటిని పురుష హార్మోన్లు అని పిలిచినప్పటికీ స్త్రీల శరీరంలో కూడా అండాశయాలు, అధివృక్క గ్రంథులు వీటిని కొద్ది మోతాదులో ఉత్పత్తి చేస్తాయి. టెస్టోస్టిరాన్ తైల గ్రంథిని చేరిన తరువాత 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము దానిని మరింత శక్తిమంతమైన డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుస్తుంది. దీని ప్రభావం వలన గ్రంథి పెద్దదై ఎక్కువ జిడ్డును స్రవిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. హార్మోన్ మొటిమలు గల స్త్రీలలో అత్యధికులకు రక్త పరీక్షలో హార్మోన్ల మోతాదు సాధారణంగానే ఉంటుంది. వీరి తైల గ్రంథులు సాధారణ మోతాదుకే అతిగా స్పందిస్తాయి. కావున రక్త పరీక్ష బాగున్నదంటే మొటిమలకు హార్మోన్లు కారణం కాదని అర్థం కాదు.

ఇన్సులిన్, దానిని పోలిన ఐజీఎఫ్-1 అనే హార్మోన్ కూడా ఇందులో పాత్ర వహిస్తాయి. ఇవి అండాశయాలలో ఆండ్రోజెన్ల ఉత్పత్తిని పెంచుతాయి. రక్తంలో టెస్టోస్టిరాన్‌ను బంధించి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ను ఇన్సులిన్ తగ్గిస్తుంది. ఫలితంగా స్వేచ్ఛగా పనిచేసే టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. ఆహారానికీ మొటిమలకూ గల సంబంధం ప్రధానంగా ఈ మార్గం గుండానే ఉన్నదని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

మానసిక ఒత్తిడి కూడా మొటిమలను పెంచుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 22 మంది విద్యార్థులపై జరిపి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షల సమయంలో ఒత్తిడి పెరిగినవారికి మొటిమల తీవ్రత కూడా పెరిగినట్లు గమనించారు. కొన్ని మందులు, ఉదాహరణకు స్టీరాయిడ్లు, లిథియం, ఫెనిటాయిన్, క్షయ చికిత్సలో వాడే ఐసోనియాజిడ్, అధిక మోతాదులో విటమిన్ బి12, మొటిమలను కలిగించవచ్చు లేదా పెంచవచ్చు. కండలు పెంచడానికి వాడే అనబాలిక్ స్టీరాయిడ్లు యువకులలో తీవ్రమైన మొటిమలకు కారణమవుతాయి.

పీసీఓఎస్‌తో సంబంధం

పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనే స్థితిలో ఆండ్రోజెన్లు ఎక్కువగా ఉత్పత్తి అవుతాయి. దీనిని క్లుప్తంగా పీసీఓఎస్ అంటారు. 2003లో రోటర్‌డామ్ నగరంలో జరిగిన నిపుణుల సమావేశం దీని నిర్ధారణకు మూడు ప్రమాణాలను సూచించింది. అవి: అండం సక్రమంగా విడుదల కాకపోవడం, ఆండ్రోజెన్ల ఆధిక్యం, స్కానింగ్‌లో అండాశయాలలో అనేక చిన్న తిత్తులవంటివి కనిపించడం. వీటిలో ఏ రెండు ఉన్నా, ఇతర వ్యాధులు లేవని తేలిన తరువాత, పీసీఓఎస్‌గా నిర్ధారిస్తారు.

మొటిమలు గల ప్రతి స్త్రీకీ పీసీఓఎస్ ఉండదు. అయితే మొటిమలతో పాటు కింది లక్షణాలు ఉన్నప్పుడు పరీక్షలు అవసరమవుతాయి.

* నెలసరి 35 రోజులకు మించి ఆలస్యం కావడం, లేదా సంవత్సరంలో 8 కంటే తక్కువ సార్లు రావడం
* పైపెదవి, గడ్డం, ఛాతీ, పొత్తికడుపు మీద ముతక వెంట్రుకలు పెరగడం
* నడినెత్తిన జుట్టు పలుచబడటం
* మెడ వెనుక, చంకలలో చర్మం నల్లగా, మందంగా మారడం. ఇది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు
* త్వరగా బరువు పెరగడం, గర్భం ధరించడంలో ఇబ్బంది

పీసీఓఎస్ గలవారికి మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. అందువలన ముఖం మీద మొటిమలను కేవలం అందానికి సంబంధించిన విషయంగా కొట్టివేస్తే, దాని వెనుక ఉన్న వ్యాధిని సకాలంలో గుర్తించే అవకాశం పోతుంది. నెలసరి తప్పడం, గొంతు బొంగురుపోవడం, వెంట్రుకలు పెరగడం వంటి మార్పులు కొద్ది నెలలలోనే వేగంగా వస్తే అండాశయం లేదా అధివృక్క గ్రంథిలో కణితి ఉన్నదేమో వెంటనే పరీక్షించాలి.

ఆహారం

ఆహారానికీ మొటిమలకూ సంబంధం ఉన్నదా అనే విషయంపై వైద్యుల అభిప్రాయం కాలక్రమంలో మారుతూ వచ్చింది. 1969లో అమెరికాలో 65 మందిపై జరిపిన పరీక్షలో చాకొలెట్ తిన్నవారికీ, చాకొలెట్ లేని మిఠాయి తిన్నవారికీ తేడా కనిపించలేదు. దీని ఆధారంగా ఆహారానికి సంబంధం లేదని చాలాకాలం బోధించారు. అయితే ఆ రెండు మిఠాయిలలోను చక్కెర, కొవ్వు దాదాపు సమానంగా ఉన్నాయని తరువాత విమర్శలు వచ్చాయి.

2002లో పాపువా న్యూ గినీలోని కిటావా దీవివాసులు 1200 మందిని, పరాగ్వేలోని అచే తెగవారు 115 మందిని పరిశీలించినవారు వారిలో ఒక్కరికి కూడా మొటిమలు కనిపించలేదని ప్రచురించారు. ఈ రెండు సమాజాలలోను శుద్ధి చేసిన పిండి, చక్కెర వాడకం చాలా స్వల్పం. జన్యు కారణాలు కూడా ఉండవచ్చు కనుక దీనినే రుజువుగా తీసుకోలేరు. 2007లో ఆస్ట్రేలియాలో 15-25 సంవత్సరాల యువకులు 43 మందిపై 12 వారాల పరీక్ష జరిగింది. రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచే ఆహారం తిన్నవారిలో మొటిమల సంఖ్య సగటున 23.5 తగ్గగా, మామూలు ఆహారం తిన్నవారిలో 12 తగ్గింది. మొదటి వర్గం వారు బరువు కూడా తగ్గారు కనుక ఫలితంలో దాని పాత్ర ఎంత అన్నది వేరు చేయడం కష్టం. ఫ్రాన్సులో 24,452 మంది వయోజనులపై జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో కొవ్వు, చక్కెర గల పదార్థాలు, తీపి పానీయాలు, పాలు ఎక్కువగా తీసుకునేవారిలో మొటిమలు ఎక్కువగా కనిపించాయి.

పాల విషయంలో అమెరికా నర్సులు 47,355 మంది తమ పాఠశాల రోజుల ఆహారాన్ని గుర్తుచేసుకొని ఇచ్చిన సమాచారంపై 2005లో ఒక అధ్యయనం వెలువడింది. ఇందులో పాలు, ముఖ్యంగా వెన్న తీసిన పాలు, ఎక్కువగా తాగినవారిలో మొటిమలు ఎక్కువని తేలింది. వ్యాయామశాలలకు వెళ్ళేవారు వాడే వే ప్రోటీన్ పొడుల వలన మొటిమలు పెరిగిన సందర్భాలు కూడా వైద్య పత్రికలలో నమోదయ్యాయి.

ఇవన్నీ ఉన్నప్పటికీ, 2024లో అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ ప్రకటించిన మార్గదర్శకాలు ఏ ప్రత్యేక ఆహారాన్నీ మొటిమల చికిత్సగా సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవని పేర్కొన్నాయి. కావున ఆహార నియమాన్ని మందులకు ప్రత్యామ్నాయంగా కాక తోడుగా భావించాలి.

తెలుగువారి భోజనంలో మార్పులు

ఒక ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో తెలిపే కొలతను గ్లైసీమిక్ సూచిక అంటారు. ఇది 55 లేదా అంతకంటే తక్కువ ఉంటే తక్కువగాను, 70 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఎక్కువగాను పరిగణిస్తారు. బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం, మైదా, చక్కెర, సేమ్యా, అటుకులు, మరమరాలు వంటివి చక్కెరను వేగంగా పెంచుతాయి. తెలుగునాట చాలా ఇళ్ళలో ఉదయం ఇడ్లీ లేదా దోసె, మధ్యాహ్నం, రాత్రి అన్నం, మధ్యలో చక్కెర వేసిన టీ, బిస్కెట్లు తీసుకోవడం అలవాటు. అన్నం పూర్తిగా మానవలసిన అవసరం లేదు. దాని పరిమాణాన్ని తగ్గించి, పప్పు, కూరల పరిమాణాన్ని పెంచితే చాలావరకు ప్రయోజనం సిద్ధిస్తుంది.

* ఉదయం పెసరట్టు, ఉడికించిన శనగలు లేదా అలసందలు, గుడ్లు వంటి ప్రోటీన్ గల పదార్థాలను చేర్చుకోవచ్చు.
* ఒక పూట జొన్నరొట్టె లేదా కొర్రల అన్నం తినవచ్చు. ఏ ధాన్యమైనా మెత్తగా పిండి పట్టించి జావ కాచినప్పుడు గింజగా వండినదానికంటే త్వరగా జీర్ణమై చక్కెరను పెంచుతుంది.
* బియ్యం రకాలలో కూడా తేడాలున్నాయి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) రకపు గ్లైసీమిక్ సూచిక సుమారు 51. ఇది మామూలు తెల్లబియ్యం కంటే తక్కువ. అయినంత మాత్రాన ఎంతైనా తినవచ్చునని భావించరాదు.
* టీ, కాఫీలలో చక్కెర, శీతల పానీయాలు, పండ్లరసాలు తగ్గించాలి. పండును పండుగానే తినాలి. చక్కెరకు బదులు బెల్లం, తేనె వాడినందువలన ఇన్సులిన్ విషయంలో చెప్పుకోదగ్గ లాభం ఉండదు.
* పాలు తమకు పడటం లేదని అనుమానించేవారు రెండు, మూడు నెలలు మానివేసి చూడవచ్చు. తేడా కనిపించకపోతే తిరిగి మొదలుపెట్టవచ్చు. మానినన్నాళ్ళు కాల్షియం కొరకు రాగులు, నువ్వులు, ఆకుకూరలు, ముళ్ళతో తినదగిన చిన్నచేపలు తీసుకోవాలి.

నూనె పదార్థాలు, మామిడిపండు, వేడి చేసే పదార్థాలు మొటిమలకు కారణమని తెలుగునాట విస్తృతంగా నమ్ముతారు. తిన్న నూనె నేరుగా ముఖం మీద జిడ్డుగా బయటకు రాదు. చర్మపు జిడ్డును తైల గ్రంథులే తయారుచేస్తాయి. ఏదైనా ఒక పదార్థం ప్రతిసారీ మొటిమలను పెంచుతున్నదని గమనించినవారు దానిని తగ్గించుకోవచ్చు. నెలసరి తేదీలు, ఆహారం, మొటిమల సంఖ్యను మూడు నెలలు ఒక పుస్తకంలో రాసుకుంటే అసలు కారణం నెలసరియా, ఆహారమా అన్నది కొంత స్పష్టమవుతుంది. భోజనాన్ని మరీ కుదించి, ఒక్కొక్క పదార్థాన్నీ మానుకుంటూ పోతే రక్తహీనత, పోషకాహార లోపం కలుగుతాయి.

చర్మ సంరక్షణ

చర్మ సంరక్షణలో కొన్ని వస్తువులను తక్కువ సంఖ్యలో, క్రమం తప్పకుండా, ఎక్కువకాలం వాడటం ప్రధానం.

శుభ్రపరచడం: రోజుకు రెండుసార్లు, చెమట పట్టిన తరువాత మరొకసారి, గాఢత లేని ఫేస్‌వాష్‌తో, గోరువెచ్చని లేదా చల్లని నీటితో ముఖాన్ని కడగాలి. పీచుతోను, గరుకు పిండితోను రుద్దరాదు. సున్నిపిండి, శనగపిండి మెత్తగా పూసి కడిగితే ప్రమాదం లేదు గాని, నలుగులాగా గట్టిగా రుద్దితే వాచిన మొటిమలు చిట్లి మచ్చలు ఎక్కువవుతాయి.

తేమ: జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ అవసరం లేదనుకోవడం పొరపాటు. మొటిమల మందులు చర్మాన్ని పొడిబారుస్తాయి. రోమకూపాలను మూయని రకం అని సీసాపై సూచించిన పలుచని లేపనాన్ని వాడాలి.

ఎండ నుండి రక్షణ: ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ గల సన్‌స్క్రీన్‌ను పగలు వాడితే నల్లమచ్చలు ముదరకుండా ఉంటాయి. మచ్చలకు ఎంత ఖరీదైన మందు వాడినా ఎండ తగులుతుంటే అవి త్వరగా తగ్గవు.

పూతమందులు: మొటిమలపై పనిచేసే ముఖ్యమైన పూతమందులు ఇవి.

* బెంజాయిల్ పెరాక్సైడ్: బాక్టీరియాను తగ్గిస్తుంది. 2.5 శాతం గాఢత గల మందు 5, 10 శాతం గలవాటితో దాదాపు సమానంగా పనిచేస్తుంది, మంట తక్కువ. ఇది దిండుగలీబులను, రంగు బట్టలను వెలిసిపోయేలా చేస్తుంది.
* అడాపలీన్, ట్రెటినాయిన్: ఇవి రెటినాయిడ్లు. రోమకూపాలు మూసుకుపోకుండా చూస్తాయి. రాత్రిపూట, ముఖం పూర్తిగా ఆరిన తరువాత, శనగగింజంత మందును మొటిమ మీదనే కాక ముఖమంతా పలుచగా పూయాలి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు వాడితే చర్మం అలవాటుపడుతుంది. మొదటి కొద్ది వారాలలో మొటిమలు పెరిగినట్లు కనిపించవచ్చు. గర్భిణులు, గర్భం కొరకు ప్రయత్నిస్తున్నవారు వీటిని వాడరాదు.
* అజెలాయిక్ ఆమ్లం: 15-20 శాతం గాఢతలో మొటిమలకు, నల్లమచ్చలకు రెండింటికీ ఉపయోగపడుతుంది. గర్భిణులకు కూడా సురక్షితంగా భావిస్తారు.
* సాలిసిలిక్ ఆమ్లం: 0.5-2 శాతం గాఢతలో మూసుకున్న కూపాలను కొంతవరకు తెరుస్తుంది. పై మందుల కంటే దీని బలం తక్కువ.

వీటన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టరాదు. ఒకటి మొదలుపెట్టి, చర్మం తట్టుకున్న తరువాతనే రెండవది చేర్చాలి. ఏ మందు ఫలితమైనా తేల్చడానికి కనీసం 8 నుండి 12 వారాలు అవసరం.

ఇంటి చిట్కాలు, అలవాట్లు: నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్ట్, వెల్లుల్లి రసం వంటివి చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు మిగులుస్తాయి. కొబ్బరినూనెను ముఖానికి పూస్తే రోమకూపాలు మూసుకోవచ్చు. తలకు నూనె దట్టంగా రాసేవారిలో నుదుటి మీద, కణతల మీద చిన్నచిన్న పొక్కులు వస్తాయి. తల నూనెలు, లేపనాల వలన వచ్చే ఈ రకాన్ని 1970లోనే వైద్యులు వర్ణించారు. నూనెను తలస్నానానికి కొద్ది గంటల ముందు మాత్రమే రాసుకొని కడిగివేయడం మంచిది. ద్విచక్ర వాహనాలపై ముఖానికి చుట్టుకొనే చున్నీలు, హెల్మెట్ పట్టీలు చెమటతో గడ్డాన్ని ఒరుసుకుంటాయి కనుక వాటిని తరచూ ఉతకాలి, తుడవాలి. మొటిమలను గిల్లడం గుంటలకు ముఖ్య కారణాలలో ఒకటి.

స్టీరాయిడ్ క్రీముల దుర్వినియోగం

బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ వంటి స్టీరాయిడ్లు గల క్రీములు గజ్జి, తామర, మొటిమ, మచ్చ అన్న తేడా లేకుండా భారతదేశంలో విరివిగా వాడకంలో ఉన్నాయి. స్నేహితురాలు చెప్పిందనో, మందుల దుకాణంలో ఇచ్చారనో, ముఖం తెల్లబడుతుందనో వీటిని మొదలుపెడతారు. స్టీరాయిడ్ వాపును అణచివేస్తుంది కనుక మొదటి వారంలోనే ఎరుపు తగ్గి ముఖం నున్నగా, తెల్లగా కనిపిస్తుంది. ఈ తొలి ఫలితమే దీని ప్రమాదం. కొద్ది వారాలు, నెలలలో చర్మం పలుచబడి, ఎర్రని రక్తనాళాలు బయటపడి, వెంట్రుకలు పెరిగి, ఎండ తగిలితే మంట పుడుతుంది. ఒకే పరిమాణంలో ఉండే కొత్త మొటిమలు గుంపులుగా వస్తాయి. క్రీము ఆపితే అన్నీ ఒక్కసారిగా విజృంభిస్తాయి. దానితో రోగి మళ్ళీ అదే క్రీమును ఆశ్రయించవలసి వస్తుంది.

ఈ స్థితికి స్టీరాయిడ్ వలన దెబ్బతిన్న ముఖం అనే అర్థం వచ్చే పేరును 2008లో భారతీయ చర్మవైద్యులే ప్రతిపాదించారు. దేశంలోని పలు కేంద్రాలలో జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలించగా 433 మంది (14.8 శాతం) ముఖానికి స్టీరాయిడ్ పూస్తున్నట్లు తేలింది. 2018లో భారత ప్రభుత్వం పలు స్టీరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చి, వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నిర్దేశించింది. క్రీము గొట్టంపై స్టీరాయిడ్ పేరు ఉన్నదేమో చదివి చూసుకోవడం ప్రతి వినియోగదారునికీ అవసరం. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపకుండా చర్మవైద్యుని పర్యవేక్షణలో మానుకోవాలి.

వైద్య చికిత్స

ఆహారం, పూతమందులతో అదుపు కాని మొటిమలకు వైద్యులు లోపలికి తీసుకునే మందులు ఇస్తారు. ఇవి స్వయంగా వాడదగినవి కావు.

* యాంటీబయాటిక్స్: డాక్సీసైక్లిన్ వంటివి వాపును తగ్గిస్తాయి. మందులకు లొంగని బాక్టీరియా వృద్ధి చెందకుండా వీటిని సాధారణంగా మూడు, నాలుగు నెలలకు మించకుండా, బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి వాడతారు.
* గర్భనిరోధక మాత్రలు: ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండూ కలిసిన మాత్రలు ఆండ్రోజెన్ల ప్రభావాన్ని తగ్గిస్తాయి. రక్తం గడ్డకట్టే వ్యాధి, కొన్ని రకాల పార్శ్వపు నొప్పి గలవారికి, 35 దాటి ధూమపానం చేసేవారికి ఇవ్వరు. ప్రొజెస్టిన్ మాత్రమే గల పద్ధతులు కొందరిలో మొటిమలను పెంచుతాయి.
* స్పైరోనోలాక్టోన్: రక్తపోటు చికిత్సలో వాడే ఈ మందు తైల గ్రంథిపై ఆండ్రోజెన్ల చర్యను అడ్డుకుంటుంది. బ్రిటన్‌లో 410 మంది స్త్రీలపై జరిపి 2023లో ప్రచురించిన పరీక్షలో ఉత్తుత్తి మాత్ర కంటే ఇది మెరుగని తేలింది. ఈ తేడా 12 వారాల కంటే 24 వారాలకు ఎక్కువగా కనిపించింది. గర్భిణులకు ఇవ్వరాదు.
* ఐసోట్రెటినాయిన్: తీవ్రమైన, గుంటలు పడే మొటిమలకు శక్తిమంతమైన మందు. గర్భస్థ శిశువుకు తీవ్రమైన అవకరాలు కలిగిస్తుంది. కనుక వాడుతున్నంత కాలం, ఆపిన తరువాత ఒక నెల వరకు గర్భం రాకుండా తప్పనిసరిగా జాగ్రత్తపడాలి.

వైద్యుని ఎప్పుడు సంప్రదించాలి

పూతమందులు మూడు నెలలు సక్రమంగా వాడినా తగ్గనప్పుడు, లోతైన నొప్పి గల గడ్డలు వస్తున్నప్పుడు, గుంటలు పడటం మొదలైనప్పుడు, నెలసరి క్రమం తప్పినప్పుడు, గర్భం దాల్చినప్పుడు లేదా దాల్చదలచినప్పుడు చర్మవైద్యుని సంప్రదించాలి. గుంటలు పడిన తరువాత వాటిని పూడ్చే చికిత్సలు ఖరీదైనవి, ఫలితం పాక్షికం. కావున గుంటలు పడకముందే చికిత్స మొదలుపెట్టడం మేలు.

ముఖం మీది మొటిమలు మనసును కూడా బాధిస్తాయి. ఇంటికి వచ్చిన బంధువులు, పెళ్ళిచూపులకు వచ్చినవారు, కార్యాలయంలో తోటివారు చేసే వ్యాఖ్యలు, ఇచ్చే సలహాలు ఈ బాధను పెంచుతాయి. బయటకు వెళ్ళడం మానివేయడం, అద్దం చూడటానికి భయపడటం, నిరంతర దిగులు వంటివి ఉంటే ఆ విషయం కూడా వైద్యునికి చెప్పాలి. చూడటానికి స్వల్పంగా కనిపించే మొటిమలైనా మనసుపై వాటి ప్రభావం ఎక్కువగా ఉంటే వైద్యులు చికిత్స తీవ్రతను దానికి తగినట్లు నిర్ణయిస్తారు.